మూడో రోజు

ప్రాగ్‌కి మూడు రోజులు చాలంటున్నారు.
చీమకుర్తిలో మూడు రోజులంటే
ఒక రాయికి రెండు వైపులా వైరు పడటం,
మూడో వైపుకి కరెంటు పోవటం.

ఆఫీసు క్యాలెండర్ వెనక గళ్ళు గీశాను.

మొదటి గడిలో వంతెన.
తెల్లారి ఐదింటికే వెళ్ళాలట,
పొద్దెక్కితే విగ్రహాల కన్నా మనుషులే ఎక్కువట.
దాని సున్నంలో కోడిగుడ్లు కలిపారని
అక్కడివాళ్ళు చెప్పుకుంటారట.
మా తాత ఉదయగిరి వైపు పాతగోడల పనికి
కావిడితో బెల్లం నీళ్ళు మోసినవాడు,
వింటే వెంటనే నమ్మేవాడు.
ఎన్ని గుడ్లు, ఎవరి కోళ్ళు,
కూలి ఎవరిచ్చారు అని మాత్రం అడిగేవాడు.

రెండో గడిలో గడియారం.
గంట గంటకీ కిటికీ తెరుచుకుని
సాధువులు వరసగా తొంగిచూస్తారట,
పక్కన అస్థిపంజరం గంట లాగుతుందట.
"మన షిఫ్టు సైరన్ కంటే మర్యాదగా ఉందే"
అంది హైమావతి.
నాతో వచ్చేది ఆమే. ఎల్ఐసీ ఏజెంటు.
చావు గురించి ఎక్కడ ప్రస్తావన వచ్చినా
బ్యాగులోంచి ఫారం తీస్తుంది.

డబ్బు, రెండేళ్ళ చీటీ.
పాట ఎత్తకుండా పళ్ళు బిగబట్టి ఆగాం.
జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిదికి గానీ పొద్దుగూకదట.
"మరి అన్నం ఎప్పుడు తింటారే?" అని
హైమావతి రెండు వారాలుగా అదే బెంగ.
గోంగూర పచ్చడి పావుకిలో, పుల్లారెడ్డిపాలెం మిరప్పొడి,
మందమైన సాక్సులు రెండు జతలు,
లిస్టులో ఇంకా అన్నీ ఆమెవే.

సెలవు చీటీ చూసి ఓనరు కళ్ళద్దాలు తీశాడు.
"అక్కడ మీకెవరున్నారమ్మా?"
మెస్సు మస్తానమ్మా అదే అడిగింది.
ఒంగోలు బస్సులో పక్కసీటు ఆవిడా అదే.
ఎవరూ లేరంటే ఎవరూ నమ్మరు.
మనిషి లేని ఊరికి మనిషెందుకు పోతుంది?

నిజానికి ఒకటుంది.
ఈ కుర్చీలో నేను కొట్టిన మొదటి ఇన్వాయిస్.
ఊరి పేరులో ఒక అక్షరం తప్పుపడి
కృష్ణపట్నం రేవులో కంటైనర్ ఒకరోజు ఆగింది,
నా జీతంలో మూడొందలు ఆగాయి.
నల్లరాయి, బంగారు చుక్కలు,
బ్లాకు నంబరు నాలుగు వందల పదిహేడు.
ఎనిమిది నెలలకి వాళ్ళొక ఫొటో పంపారు:
సన్నటి సందులో ఒక పాత ఇల్లు,
కొత్తగా ఎనిమిది మెట్లు.
వాటి మీద ఎవరిదో సైకిల్.

మూడో గడిలో ఏమీ రాయలేదు.
ఆ సందు పేరు పలకటం నాకింకా రాలేదు.

ఆ బ్లాకుకి ఎర్ర రంగుతో నంబరేసింది మాలకొండయ్య.
ముప్పై ఏళ్ళుగా టేపు పట్టి రాళ్ళు కొలిచేవాడు.
క్వారీ అంచున టీ తాగుతుంటే చెప్పాను.
నవ్వలేదు.
"పదమూడేళ్ళయిందిగా, చెప్పులకి పాలిష్ పోయుంటది.
పొడిగా చూస్తే చుక్కలు కనపడవు పాపా.
నీళ్ళు పోసి చూడు, తేల్తాయి."
అతనెప్పుడూ అంతే చేస్తాడు.
పచ్చి రాయి మీద చెంబుడు నీళ్ళు కొట్టి
ఆరేలోపు వంగి చూస్తాడు,
నిద్రలో ఉన్న బిడ్డ మొహం చూసినట్టు.

"మన గుండ్లకమ్మ నీళ్ళే పట్టుకుపో."

విమానంలో నీళ్ళు తీసుకుపోనివ్వరన్నాను.
చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు దాటితే
అక్కడే పారబోయిస్తారన్నాను.

టీ గ్లాసు పక్కన పెట్టాడు.
వంద అంటే ఎంతని అడిగాడు.
గ్లాసులో గోరుతో గీత గీసి చూపించాను.
ఆ గీత వంక చూశాడు,
బొటనవేలూ చిటికెనవేలూ చాపి
గాలిలో ఏదో కొలిచాడు.

"చాల్లే,
జానెడు రాయి తడుస్తది."